లచ్చిగేటు

ఎలమందిన్నె అనే ఊరు కోడుమూరు దాటాక ఎక్కడో ఉంటుందని నేను చిన్నప్పుడు చాలాకాలం నమ్మాను. మా వైపు దిన్నె పేరు పెట్టుకున్న ఊళ్ళకు కొదవ లేదు. బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివే వయసులో, ఈ బస్సు కాకపోతే ఇంకో బస్సు ఎలమందిన్నెకు పోతుందనే అనుకునేదాన్ని. మా ఊరి చర్చి కట్టించిన దొరది ఆ ఊరే. పెద్దవాళ్ళు ఆయన్ను ఎలమందిన్నె దొర అనేవాళ్ళే తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆయన చెల్లెలి ఇల్లో, రెండెకరాల చేనో అక్కడ ఉండి ఉంటుందని, ఎప్పుడో ఒకసారి మా నాయన నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆ దారిన తీసుకుపోతాడని ఊహించుకునేదాన్ని. అది ఇంగ్లండులో ఉందనీ, ఆ పేరు ఎల్మ్‌డీన్ అనీ కర్నూల్లో డిగ్రీ చదివే రోజుల్లో తెలిసింది. తెలిసిన తర్వాత కూడా నా మనసులో ఆ ఊరి చుట్టూ ఎర్రమట్టి, శెనక్కాయ చేలు అలాగే ఉండిపోయాయి.

ఈమధ్య ఆ ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చి మా చర్చి చూసిపోయింది. నేను కాన్పయి పుట్టింట్లో ఉన్నాను కాబట్టి, ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఆమె మాటలు మావాళ్ళకు, మావాళ్ళ మాటలు ఆమెకు చెప్పే పని నా మీద పడింది. ఇప్పుడు కడపలో మా ఇంటికి వచ్చేశాను. పాప పడుకున్నాక, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతున్నదని నమ్మకం కుదిరాక, కొంచెం కొంచెంగా ఇది రాస్తున్నాను. మధ్యలో లేచి మళ్ళీ చూసి వస్తున్నాను. ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ అతుకు సరిగా కుదరకపోతే కారణం అదే.

మా చర్చి చిన్నది. గోడలు నల్లరాతివి. పైకప్పు మాత్రం మా సీమలో ఎక్కడా కనపడనంత ఏటవాలుగా, రెండు అరచేతులు వేళ్ళ దగ్గర ఆనించి నిలబెట్టినట్టు ఉంటుంది. చుట్టూ ఇళ్ళన్నీ చదును మిద్దెలు. వాటి మీద మిరపకాయలు ఎండబోసుకుంటాం, ఎండాకాలం పడుకుంటాం. చర్చి కప్పు మీద కాకి కూడా సరిగా నిలబడలేదు. ఎందుకిట్లా కట్టారని అడిగితే ప్రార్థన పైకి పోవడానికని బడిపంతులు ఒకసారి చెప్పాడు. మంచు పడే దేశం నుంచి వచ్చిన మనిషి, మంచు జారిపోవడానికి తన ఊళ్ళో ఎట్లా కట్టుకుంటారో అట్లాగే ఇక్కడా కట్టేశాడని ఎవరూ అనుకోలేదు. ఒకానొక కరువులో కూలికి గింజలిచ్చి కట్టించిన చర్చి అది. మంచు సంగతి అటుంచి, వాన కోసమే మొహం వాచిన కాలంలో, గంజికి పనిచేసిన మనుషులు ఆ కప్పు మీద పెంకు పేర్చారు.

చర్చికి ముందు, ప్రహరీ గోడ మధ్యలో, ఒక గేటు ఉంది. దానికీ చర్చికున్నట్టే ఏటవాలు కప్పు. కప్పు కింద అటొక రాతి అరుగు, ఇటొక రాతి అరుగు, నడుమ నడుము ఎత్తున పొడుగాటి నున్నని బండ. ఆ గేటునే మేము లచ్చిగేటు అంటాం. మా జేజి, అంటే మా నాయన తల్లి సువార్తమ్మ, దాని ఎదురింట్లోనే కాపురం చేసింది. అందువల్ల నా చిన్నతనమంతా ఆ గేటు నీడ మా వాకిట్లోకి రావడం, పోవడం చూస్తూనే గడిచింది.

జేజి పొద్దున లేవగానే వాకిలి ఊడ్చి పేడనీళ్ళు చల్లేది. ఆ చెయ్యి ఆగకుండా గేటు ముందు కూడా చల్లి వచ్చేది. చర్చి తాళంచెవి ఆమె నడుముకే వేలాడేది. శనివారం సాయంత్రం తలుపులు తీస్తే లోపలి నుంచి గబ్బిలాల వాసన, పాత చాపల వాసన, కిరసనాయిలు వాసన కలిసి ఒక్కసారిగా మొహం మీదికి వచ్చేవి. నేను చాపలు దులిపేదాన్ని. ఆమె ఈతపొరకతో మూలమూలా ఊడ్చేది. ఊడుస్తున్నంతసేపూ వక్కాకు నములుతూనే ఉండేది. చర్చిలో వక్కాకు నమలకూడదని అయ్యగారు, అంటే మా పాస్టరు, గట్టిగా చెప్పేవాడు. అందుకని ఆదివారం పాటలు మొదలయ్యేసరికి నమిలిన ముద్దను ఎడమ బుగ్గలోకి తోసేసి, కుడి బుగ్గతోనే పాడేది. "జేజీ, నీ పాట సగమే బయటికొస్తాండాది" అంటే, "సగం చాలులేమే, దేవునికి మిగతాది తెలుసు" అనేది. సంగటికి గింజలు తీసినప్పుడల్లా పిడికెడు జొన్నలు చర్చి కోసమని వేరే కుండలో పోసేది. మా అమ్మకు ఆ అలవాటు బియ్యంతో కొనసాగింది. నాకు అసలే అబ్బలేదు. కడపలో మా ఇంటికి బియ్యం మూటలో వస్తాయి, నేను గ్లాసుతో కొలిచి కుక్కర్లో పోస్తాను. పిడికిలికి అందులో పని లేదు.

బిడ్డ పుట్టి నెల తిరిగాక, తల్లి మొట్టమొదట చర్చికి వచ్చే ఆదివారం ఆ గేటు దగ్గర ఒక పద్ధతి జరుగుతుంది. తల్లి బిడ్డను నడిమి బండ మీద పడుకోబెట్టి, చేతులు తీసేసి, వెనక్కు జరగాలి. ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి గేటు లోపలి వైపు నిలబడి, బిడ్డను ఎత్తుకుని చర్చిలోకి తీసుకుపోతుంది. తల్లి గేటు బయటే ఆగితే, అయ్యగారు వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపిస్తాడు. మా నాయనను, మేనత్తలను, నన్ను, మా తమ్ముణ్ణి అందరినీ అట్లాగే ఆ బండ మీద పడుకోబెట్టారు. మేమే కాదు, వెనకవీధి బోయవాళ్ళు, కురువవాళ్ళు కూడా బిడ్డలను తెచ్చి పెట్టేవాళ్ళు. వాళ్ళు శుక్రవారం వచ్చేవాళ్ళు, మేం ఆదివారం. లచ్చిగేటంటే లచ్చిమి వాకిలి అని వాళ్ళ లెక్క. జేజి లెక్క వేరే. కరువు పనిలో రాళ్ళు మోస్తూ లచ్చమ్మ అనే కూలిమనిషి అక్కడే కనిందట, దొర ఆ బిడ్డను బండ మీద పెట్టించి ప్రార్థన చేశాడట. ఈ రెండు కథలతోనూ పడని ఒక అయ్యగారు, నేను బడికి పోయే రోజుల్లో, గేటు నుదుటి మీద 'సమాధాన ద్వారం' అని, శాంతి వాకిలి అనే అర్థంలో, నీలంరంగుతో రాయించాడు. రెండు ఎండాకాలాలకు రంగు పెచ్చులు లేచిపోయింది. అయ్యగారు వేరే ఊరికి బదిలీ అయిపోయాడు. గేటు లచ్చిగేటుగానే మిగిలింది.

నా బిడ్డ నెలలు నిండకుండా పుట్టింది. కొంతకాలం ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. అద్దం ఇవతల నుంచి చూడడమే తప్ప తాకనివ్వలేదు. ఇంటికి తెచ్చిన తర్వాత నేను దాన్ని చేతుల్లో నుంచి దించడం మానేశాను. కూర్చున్నా ఒళ్ళోనే, పడుకున్నా రొమ్ము మీదే. ఎవరైనా ఎత్తుకుంటామంటే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమనేదాన్ని. జేజికి ఇది నవ్వులాటగా ఉండేది. "నీ బిడ్డేమన్నా ఎన్నముద్దనా, తాకితే కరిగిపోనీకి? నేను ఆరు మందిని కంటి. సబ్బు మొహం యాడ సూసినారు వాళ్ళు?" అని చేతులు కడుక్కునేది. కడుక్కుని, తుడుచుకోకుండా నా మొహం మీద చిలకరించేది. ఆమే ముహూర్తం పెట్టింది. వచ్చే ఆదివారం పాపను లచ్చిగేటు దగ్గర పడుకోబెట్టాలని. నేను సరేనన్నాను కానీ లోపల గుబులుగానే ఉంది. ఎంతమంది చెప్పులతో తొక్కుతూ పోయే చోటు, ఎన్ని పావురాలు వాలే కప్పు. అన్నిటికంటే ఆ చేతులు తీసేసి వెనక్కు జరగడం. అది తలుచుకున్నప్పుడల్లా పాపను ఇంకొంచెం దగ్గరికి పొదువుకునేదాన్ని.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం ఎలమందిన్నె నుంచి ఎలినార్ గారు వచ్చింది. అయ్యగారు కోడుమూరులో మీటింగుకు పోయి ఉన్నాడు. ఆమెది తెల్లజుట్టు, తలకు నూలు టోపీ, కాళ్ళకు బూట్లు. కారు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా ముందు గోడ దగ్గరికి పోయి రాయిని అరచేత్తో తడిమింది. తర్వాత లచ్చిగేటు కింద అరుగు మీద కూర్చుని చాలాసేపు తలెత్తి కప్పు కేసే చూసింది. ఆమె తన ఊరి చర్చి కమిటీలో మనిషి. దొర వడ్రంగి కొడుకనీ, వాళ్ళ ఊరి గేటు బాగుచేసింది ఆయన తండ్రేననీ చెప్పింది. ఒకప్పుడు గొర్రెల ఉన్నితో బతికిన ఊరట అది. ఉన్ని వ్యాపారుల డబ్బుతోనే ఆ చర్చి లేచిందట. ఇప్పుడు గొర్రెలు లేవు, బడి మూతపడింది, అంగడి మూతపడింది. ఇళ్ళను పట్నంవాళ్ళు కొనుక్కుని సెలవులకు వచ్చిపోతారు. నాలుగైదు ఊళ్ళకు కలిపి ఒకే పాస్టరు, అందువల్ల ఆరాధన ఎప్పుడో ఒకసారి. వచ్చేది కూడా తనలాంటి ముసలివాళ్ళేనట. మీ చర్చి నిండుతుందా అని అడిగింది. పట్టక బయట చాపలు వేసుకుంటామనీ, పాతది పడగొట్టి స్లాబుతో పెద్దది కట్టాలని కొందరు అంటున్నారనీ చెప్పాను. ఆమె మళ్ళీ ఒకసారి కప్పు కేసి చూసింది. తర్వాత ఫోనులో తమ చర్చి బొమ్మలు తీసి చూపించింది.

జేజి కళ్ళద్దాలు సవరించుకుని ఫోను మీదికి వంగింది. "ఓయమ్మ, ఇది మన లచ్చిగేటే గద! పచ్చగా పాసి పట్టిపోయుండాదే. సున్నం కొట్టరా వాళ్ళు?" అంది. నేను ఇంగ్లీషులో చెబితే ఎలినార్ గారు పడీపడీ నవ్వింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆ నవ్వుల్లో ఉండగానే వెనకవీధి ఈరమ్మ కూతురి బిడ్డను తీసుకుని వచ్చింది. శుక్రవారం కదా. బండ అంచుకు పసుపు రాసి, బిడ్డను పడుకోబెట్టి, చేతులు జోడించి నిలబడింది. ఎలినార్ గారి నవ్వు ఆగిపోయింది. ఏం చేస్తున్నారని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె గొంతు తగ్గించుకుంది. ఈ గేటును తమ వైపు లిచ్ గేట్ అంటారంది. లిచ్ అంటే వాళ్ళ పాతభాషలో శవం. సమాధికి తెచ్చిన పెట్టెను పాస్టరు వచ్చేదాకా దించి ఉంచడానికే ఆ కప్పు, ఆ బండ. తమ ఊళ్ళో తన భర్తను కూడా అట్లాంటి బండ మీదే దించారని చెప్పింది. చెప్పాక, అనకూడని మాట అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటాండాది మే?" అని జేజి అడిగింది.

"వాళ్ళూర్లో గూడా గేటు కింద ఇట్లాంటి బండే ఉందంట జేజీ."

"అంతసేపు మాట్లాడింది గద. ఇంతేనా?"

"ఇంతే."

ఈరమ్మ బిడ్డను ఎత్తుకుంటూ, "వాళ్ళు గూడ బిడ్డోళ్ళను పండేస్తారేమో అడుగు పాపా" అంది. "ఆ ఊళ్ళో ఇప్పుడు బిడ్డలే తక్కువంట" అన్నాను. "అయ్యో, పాపం" అని ఈరమ్మ ఎలినార్ గారి చేతికి కూడా కొంచెం పసుపు రాసి వెళ్ళిపోయింది.

కారు వెళ్ళిపోయాక జేజి మా వాకిట్లో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ, నన్ను ఎదురుగా కూర్చోమంది. "నాకు ఇంగ్లీషు రాదు గానీ మొహాలొస్తాయి. ఆయమ్మ మొహం మాడిపోయింది. నువ్వు సగం మింగినావు. కక్కు." నేను చెప్పేశాను. ఆమె అంత గట్టిగా అడగడం ఒక కారణం. ఈ మాట వింటే ఆదివారం గండం తప్పుతుందేమోననే ఆశ కూడా ఉండింది. జేజి ఒలుపు ఆపలేదు. కొన్ని కాయలు ఒలిచింది. తర్వాత గింజలు చేటలో వేయాల్సింది పొట్టులో వేసింది.

"పీనిగెలను పెట్టే రాయా అది?"

"ఆ దేశంలో జేజీ. ఈడ ఎవర్నీ పెట్టలేదు. మన సమాధులు వెనక వంక గట్టు కాడ ఉండాయి గద. ముందర గేటుకాడికి ఎవర్నీ తేలేదు."

"దానియేలును రెండుమార్లు పండేసినా ఆడ" అంది జేజి. దానియేలు ఆమె మొదటి కొడుకు, మా నాయనకు అన్న. నడక రాకముందే జ్వరంతో పోయాడు. ఆ పేరు నేను ఆమె ప్రార్థనల్లో తప్ప ఎక్కడా వినలేదు. "పుట్టినప్పుడొకమారు అందరి మాదిరే. జరమొచ్చినప్పుడు ఇంగొకమారు. డాక్టరు కాడికి పోదామని మీ తాత బండి కట్టినాడు. నేనే, ముందు లచ్చిగేటు కాడ పండేసి పోదామంటి. సేతులు తీసేసి నిలబడితి. దొరకు తెలుసు గద అది దేనికో. తెలిసి మమ్మల్ని ఎందుకు పండేయనిచ్చినాడే?"

దొర ఉన్నప్పుడే ఈ పద్ధతి మొదలైందో, ఆయన పోయాక ఎవరి నోట్లోనో లిచ్ లచ్చి అయిందో ఎవరు చెప్పగలరు? జేజి పొట్టు గంపలోకెత్తి లేచింది. "ఆదివారం నీ బిడ్డను పెట్టొద్దు. నేన్రాను గేటు కాడికి" అంది. మరుసటి రోజు సాయంత్రం ఊడ్చడానికి తాళంచెవి అమ్మకిచ్చి పంపింది. నాకు తెలిసినంతలో ఆమె ఊళ్ళో ఉండి శనివారం చర్చికి పోకపోవడం అదే మొదలు.

నేను కోరుకున్నది దొరికింది. పాపను నా చేతుల్లోనే ఉంచుకోవచ్చు, పైగా అందుకు జేజి అనుమతే ఉంది. కానీ ఆ శనివారమంతా ఆమె గోడకు ఆనుకుని, మొహం గేటు వైపు కాకుండా ఇంట్లోకి తిప్పుకుని కూర్చుంటే చూస్తూ ఉండలేకపోయాను. వెనకటి తల్లులకు అర్థాలు తెలియవు. తెలియనందువల్లే చేతులు తీసి వెనక్కు జరగగలిగారని నేను చదువుకున్న గర్వంతో అనుకునేదాన్ని. నాకు థర్మామీటరు ఉంది, పాప పాలు తాగిన వేళలు గుర్తుచేసే ఫోను ఉంది, ఏ మాటకు ఏ భాషలో ఏ అర్థమో చెప్పే చదువు ఉంది. ఇన్ని ఉండి నేను ఆ ముసలామెకు ఇచ్చింది ఏమిటంటే, ఇన్నేళ్ళ తర్వాత, తన కొడుకును తానే పోగొట్టుకున్నానేమోననే అనుమానం. రేపు నేను పాపను ఆ బండ మీద పెట్టకపోతే ఆ అనుమానం నిజమని నేను కూడా ఒప్పుకున్నట్టే. మాటలతో ఎంత చెప్పినా ఇక ఆమె వినదు. నా భయం తీరలేదు. బండ గురించి కొత్తగా ఇంకో భయం కూడా చేరింది. శవం అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక, నా బిడ్డ పక్కన ఆ మాటను ఉంచుకోవడం ఎంత కష్టమో తల్లులకు చెప్పనక్కర్లేదు.

ఆదివారం పొద్దున చలిగా ఉంది. పాపను బండ మీద పెడతానని మా అమ్మకు మాత్రం ముందే చెప్పి ఉంచాను. అయ్యగారు మామూలుగానే చర్చి గుమ్మంలో నిలబడ్డాడు. జేజి వెనక సందు నుంచి వచ్చి, గేటు లోపల వేపచెట్టు దగ్గర, ఇటు చూడకుండా నిలబడి ఉంది. పాట మొదలైంది. నేను గేటు కిందికి వచ్చి, శాలువా విప్పి, పాపను బండ మీద పడుకోబెట్టాను. కుడిచెయ్యి తీశాను. ఎడమచెయ్యి తల కింద ఉండిపోయింది. దాన్ని తీయడానికి చాలాసేపు పట్టింది. వెనక్కు జరిగాను. పాప మొహం ముడుచుకుంది, ఏడుపుకు ముందు నోరు తెరిచింది. లోపలి వైపు ఎత్తుకోవాల్సిన మనిషి లేదు. అమ్మ కదలబోయింది, నేను వద్దన్నట్టు తల ఊపాను. పాట ఆగింది. పాప ఏడుపు అందుకుంది. జనమంతా జేజి వైపు చూస్తున్నారు. జేజి బండ వైపు చూస్తోంది.

"ఏందే ఆ నిలబడేది!" అని జేజి అరిచింది. అరుస్తూనే వచ్చింది, చెప్పులు ఎక్కడో వదిలేసి. "మంచుగెడ్డ మాదిరుండాది రాయి. కింద గుడ్డ పరిస్తే నీ సొమ్మేం బోతాది? ఇంత సదువు సదివి, బిడ్డను ఉత్త బండ మీద పండేసిన తల్లి యాడన్నా ఉందా?" పాపను ఎత్తి రొమ్ముకు అదుముకుంది. వీపు మీద అరచేత్తో రుద్దింది. చలిరాయి తగిలిన చోటనల్లా రుద్దింది. "ఏం గాలేదు. ఏం గాలేదు నాయనా. రాయి సల్లగుండాది, అంతే. అంతే" అంది. నాయనా అని మగబిడ్డను పిలిచినట్టు పిలిచింది. ఎవరూ సరిదిద్దలేదు. వక్కాకు లేని రెండు బుగ్గలూ వణుకుతున్నాయి. పాపను తీసుకుని చర్చిలోకి వెళ్ళిపోయింది.

పద్ధతి ప్రకారం నేను గేటు బయటే ఆగాలి. అయ్యగారు జనాన్ని దాటుకుని నా దగ్గరికి రావడానికి కొంచెం సమయం పట్టింది. లోపల నుంచి పాప ఏడుపు వినిపించింది, తర్వాత వినిపించలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక నా రెండు చేతులూ ఒకేసారి ఖాళీ కావడం అదే మొదటిసారి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బండ మీద ఆనించాను. పాప పడుకున్న మేర కొంచెం వెచ్చగా ఉంది.